లాయరు తాత పటం

చదివేవారికి ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దుకొన్నది అరవై దాటాక. ఒకచోట పెట్టాల్సిన ఒత్తు నా చేతిలో ఇంకొకచోట పడుతుంది. రోజుకు అర పేజీ మించి రాయలేను. ఈ కథ మొదలుపెట్టినప్పుడు వానలు పడుతున్నాయి, ముగించేసరికి చలిగాలి వచ్చింది. తప్పులు కనబడితే మీరే దిద్దుకొని చదవండి. ఇందులో కోపం కనబడితే మాత్రం దిద్దవద్దు, అది తెలిసి రాసినదే. సూర్యావతి, నేను ఒకే బల్ల మీద కూచుని అ ఆలు నేర్చుకొన్నాం. నేను కళ్ళారా చూడనిది ఆమె నోటి నుంచి విన్నాను.

సూర్యావతికి అరవై ఎనిమిదేళ్ళు. రంగూన్‌కు ఏటి అవతల తన్లిన్‌లో ఉంటుంది. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మొయ్యడానికి సిక్కోలు వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ మనుమరాలు. భర్త రాంబాబు వెల్డింగు పని చేసేవాడు. ఆయన పోయిన నెలలోనే బావగారు వచ్చి, "ఇక్కడ నొక్కమ్మా, ఆస్పత్రి కాగితం" అని ఆమె బొటనవేలు ఒక కాగితం మీద నొక్కించాడు. అది ఆస్పత్రి కాగితం కాదు, ఇంటి కాగితం. ఇల్లు పోయింది. అద్దె గదికి మారాక ఆరునెలలు ఏడ్చి, ఆ తరవాత ఏడుపు మానేసి, అరవై రెండో ఏట ఆదివారం బడిలో చేరింది.

ఆ బడి రంగూన్‌లో మన తెలుగువాళ్ళ హాల్లో జరుగుతుంది. గోపీకృష్ణ మాస్టారు చెబుతారు. సూర్యావతి ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కూడా అక్కడ బడి ఉండేది. ఆమె అన్న బుల్లియ్య అక్కడే చదివాడు. ఆమె అన్నకు అన్నం క్యారేజీ తెచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. లోపలికి వస్తానంటే, "రేవు కూలీల లైన్లలో ఆడపిల్లలకి పలకలెందుకు?" అని అప్పటి సంఘం పెద్ద తరిమేశాడు. తరవాత కొన్నాళ్ళకు ఆ బడే మూతపడింది. ఆమె కూతురు బర్మా బడిలో చదివింది, తెలుగు అక్షరం రాదు. కూతురి కూతురు మల్లికకూ రాదు. ఇప్పుడు మల్లికకు తార అని నాలుగేళ్ళ పిల్ల ఉంది. ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల సరైన ఈడుకు తెలుగు అక్షరం దిద్దడం తారతోనే మొదలవ్వాలి. ఈ దసరాకు హాల్లో తార అక్షరాభ్యాసం. ఏడాదిగా సూర్యావతికి వేరే ఊసు లేదు.

ఆ హాల్లో అక్షరాభ్యాసం ఎలా చేస్తారో చెప్పాలి. తూర్పు గోడకు నిలువెత్తు పటం ఒకటి ఉంది. నల్ల కోటు, చెంపల మీద తెల్ల వెంట్రుకలు, చేతిలో లావుపాటి పుస్తకం. ఎనభై ఏళ్ళ సాంబ్రాణి పొగకు ఆ మొహం మన చామనచాయలోకి దిగిపోయింది. అందరూ ఆయన్ని లాయరు తాత అంటారు. రేవు కూలీల తరఫున ఉచితంగా వాదించాడనీ, శాసనసభలో కూచున్నాడనీ, ఈ హాలు ఆయనే కట్టించాడనీ చెబుతారు. రంగూన్‌లో లత అనే పేటలో పప్పులు, చింతపండు అమ్మే ధర్మరాజు గారు ఆయన మునిమనవణ్నంటారు. సంఘానికి పెద్ద కూడా ఆయనే. అందుకని దసరానాడు మొదటి కొబ్బరికాయ ధర్మరాజు గారు కొడతారు. పిల్లల్ని పటం కింద ఒళ్ళో కూచోబెట్టుకొని, వేలు పట్టి పళ్ళెంలో పసుపు బియ్యం మీద రాయించేదీ ఆయనే. రాశాక పిల్లలు ఆ పటానికి నుదురు ఆనించాలి.

పండగకు నెల ముందు హాలు కడుగుతారు. కడిగేది రేవు ఇళ్ళ ఆడవాళ్ళు, పూలు కట్టేది షాపుల ఇళ్ళ ఆడవాళ్ళు. అది కూడా తాతల నాటి పద్ధతే. ఆ రోజు సూర్యావతి నిచ్చెనెక్కి పటం తుడుస్తోంది. కింద హాలు కాపలాదారు సూరి నిచ్చెన పట్టుకున్నాడు.

"మెల్లిగప్పా! తాత మీద పడినా తాతకేటవదు. నువ్వు పడితే మోసేది నానే."

"మాటలాపి నిచ్చెన పట్టుకోరా. నీ సేతులకంటే నోరే గట్టిది."

గుడ్డతో వెనకవైపు తుడవబోయేసరికి పటం వెనక చెక్క చెదలు తిని ఉంది. పొడిపొడిగా రాలింది. దాని వెనక నుంచి మైనపు గుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి సూరి నెత్తిన పడింది. విప్పితే ముప్ఫై పేజీల చిన్న పుస్తకం, ఇంగ్లీషు అచ్చు. మొదటి పేజీలో అదే మనిషి బొమ్మ. అదే కోటు, అవే చెంపలు.

ధర్మరాజు గారు పూల లెక్క చూడడానికి వచ్చి ఉన్నారు. పుస్తకం అందుకొని కళ్ళజోడు సవరించుకొన్నారు, దూరంగా పెట్టుకొని చూశారు, దగ్గరగా పెట్టుకొని చూశారు.

"ఈ జోడు సరిగ్గా లేదు," అన్నారు.

"ఏ జోడుకైనా ఇంగ్లీషు రావాలి గదా," అని సూరి గొణిగాడు.

"మా ముత్తాత చరిత్రే ఇది! ఫొటోతో సహా అచ్చేశారు, చూశావా సూర్యావతమ్మా? మీ మల్లికకి ఇంగ్లీషొచ్చు గదా. దాని చేత చెప్పించి నువ్వు తెలుగులో రాయి. దసరానాడు మైకులో నువ్వే చదవాలి. అరవై దాటాక చదువుకొన్న ముసలమ్మ మా ముత్తాత చరిత్ర చదివిందంటే రంగూన్ అంతా చెప్పుకుంటారు. మీ తారని అందరికంటే ముందు నా ఒళ్ళో కూచోబెడతాను, సరేనా?"

సూర్యావతి ఆ పుస్తకాన్ని చీరకొంగులో కట్టుకొని బస్సెక్కింది. వంతెన దాటేదాకా కొంగు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

మల్లిక రంగూన్ శివార్లలో లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో గుమస్తా. తారను మామ్మ దగ్గర ఉంచి, అక్కడే హాస్టల్లో ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వస్తుంది. మొగుడు థాయిలాండులో పనిచేస్తున్నాడు. ఆ శనివారం బట్టలు కూడా మార్చుకోకుండా మామ్మ ముందు కూచుంది. పుస్తకం మల్లిక చేతిలో, నోటుబుక్కు సూర్యావతి చేతిలో. మల్లిక వాక్యం చదివి, బర్మా భాషలో ఆలోచించి, వచ్చీరాని తెలుగులో చెబుతుంది. సూర్యావతి దాన్ని తన తెలుగులోకి మార్చుకొని రాస్తుంది.

"మామ్మా, ఇది మనోడి పేరు కాదే. సైలస్ వెదర్‌బీ అని ఉంది."

"దొరలు ఆలకి నోరు తిరిగినట్టు పిలిచుంటారు. ఎల్లు ముందుకి."

"పుట్టింది అమెరికాలో."

"ఏటీ?"

మూడు పేజీలు అయ్యేసరికి సంగతి తేలిపోయింది. ఆ పుస్తకం రాసింది సైలస్ వెదర్‌బీ మనుమరాలు. మొగుడితో కలిసి మతప్రచారానికి రంగూన్ వచ్చి, ఇప్పుడు మన హాలున్న ఆ మేడలోనే ఆడపిల్లల బడి నడిపిందట. తాత పటాన్ని ఓడలో వెంట తెచ్చుకొంది. ఆ తరవాతది మనకు తెలిసిందే: యుద్ధం వచ్చి దొరలు వెళ్ళిపోయారు, మేడ మనవాళ్ళ చేతికి వచ్చింది, పటం గోడకే ఉండిపోయింది. ఎవరో మొదట దండేశారు. వేశాక ఆయనెవరని అడగడం ఎవరికీ తోచలేదు. ఎవరో ఒకరు ఆయన మా వాడే అన్నారు.

సూర్యావతి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఎనబై ఏళ్ళు అమెరికా దొరకి కొబ్బరికాయలు కొట్టేం! దర్మరాజు బాబుకి ముత్తాత ఎగిరిపోనాడే!"

నవ్వినా ఆ సైలస్ మీద ఆమెకు ఇష్టమే కలిగింది. అతని కథ అలాంటిది. తండ్రి తోళ్ళు పదును చేసేవాడు, ఇంట్లో పదకొండు మంది పిల్లలు. పలక లేక చెక్క మీద బొగ్గుతో అక్షరాలు దిద్దాడట. పదహారో ఏట చెప్పులు అరిగిపోతాయని చేత్తో పట్టుకొని మూడు రోజులు నడిచి కోర్టున్న ఊరు చేరాడు. ఒక ముసలి లాయరు దగ్గర ఆరేళ్ళు దస్తావేజులకు నకళ్ళు రాశాడు. ఆ దేశంలో అప్పట్లో లాయరు కావాలంటే అదే చదువట. ఇరవై రెండో ఏట పట్టా వచ్చింది.

మొదటి పెద్ద కేసు ఒక విధవరాలిది. పొరుగువాడు ఆమె చేత కాగితం మీద గీత పెట్టించుకొని పొలం కాజేశాడు. సైలస్ ఫీజు అడక్కుండా వాదించాడు. "చదవలేని మనిషి చేత సంతకం పెట్టించడమంటే, కళ్ళు లేని మనిషిని నుయ్యి వైపు నడిపించడమే. నడిచిన వాళ్ళది తప్పు కాదు, నడిపించిన వాడిదే" అన్నాడట కోర్టులో. పొలం తిరిగి వచ్చింది.

ఈ మాట సూర్యావతి మల్లిక చేత మూడుసార్లు చదివించుకొంది. రాసుకొన్నాక పెన్సిలు పక్కన పెట్టి తన బొటనవేలు చూసుకొంది.

"ఇలాంటోడు మన పక్కన ఉంటేనా," అంది. "అమెరికావోడైతే ఏటి, కొబ్బరికాయకి తగినోడే."

రెండు వారాలు ఆమె ఆ మనిషితోనే కాపురం చేసినట్టు చేసింది. కూర తరుగుతూ తారకు అతని కథ చెప్పేది. ఇరవై ఎనిమిదో ఏట శాసనసభకు ఎన్నికయ్యాడు, ఇరవై రెండేళ్ళు కూచున్నాడు. ఏటికి వంతెన వేయించాడు. మొగుడు పోయిన ఆడదాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదని చట్టం తెచ్చాడు. ఆ చట్టం గురించి రాసిన రోజు సూర్యావతి అక్షరాలు ఎంత గుండ్రంగా వచ్చాయో, గోపీకృష్ణ మాస్టారు దూరం నుంచే చూసి "ముత్యాలే అమ్మా" అన్నారు.

మూడో శనివారం పంతొమ్మిదో పేజీ వచ్చింది. మల్లిక చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "అమలే," అంది. బర్మావాళ్ళు గుండె ఝల్లుమన్నప్పుడు అనే మాట అది.

"ఏటే?"

"మామ్మా, ఆ ఊరిలో బానిసలు ఉండేవారంట. నల్లవాళ్ళు. కొనుక్కొనేవారు. ఇతనికీ తొమ్మిది మంది."

సూర్యావతి రాయడం ఆపింది.

"వాళ్ళకి సదువు రాకూడదని సట్టం పెట్టాడు మామ్మా, ఇతనే. ఇతనే రాశాడంట, చేత్తో. బానిసకి అచ్చరం నేర్పితే తప్పు. తెల్లవాడు నేర్పితే జరిమానా. బానిసే ఇంకో బానిసకి నేర్పితే ముప్పై తొమ్మిది కొరడా దెబ్బలు."

"సరిగ్గా సదువు. నువ్వు తప్పు సదివుంటావు."

మల్లిక ఫోనులో మాటలు ఒక్కొక్కటే వెతికి మళ్ళీ చదివింది. తప్పు లేదు. ఆ కింద ఇంకా ఉంది. చట్టం వచ్చిన మరుసటి ఏడాది, సైలస్ ఇంట్లోనే వంట చేసే మనిషి తన కొడుక్కు కాలిన పుల్లతో అక్షరాలు దిద్దిస్తూ పట్టుబడింది. ఆ ఇంటి పిల్లలు పాఠం వల్లిస్తుంటే విని నేర్చుకొందట. సైలస్ తన ఇల్లని చూడకుండా, తాను రాసిన శిక్ష తానే దగ్గరుండి వేయించాడు. ముప్ఫై తొమ్మిదీ లెక్కపెట్టించాడు. మనుమరాలు దీన్ని సిగ్గుతో రాయలేదు, గర్వంగా రాసింది. "చట్టం చేసిన వాడు మొదట తన ఇంట్లో పాటించాలని తాతగారి నియమం. ఆ రోజు ఆయన దుఃఖంతో భోజనం ముట్టలేదు" అని.

"బోజనం ముట్టలేదా?" సూర్యావతి గొంతు వీధిలోకి వినబడింది. "ముట్టలేదట! మరి ఆ రోజు వండినదెవరట? అది రాసిందా ఆ మారాణి? దెబ్బలు తిన్న ఈపుతో పొయ్యి కాడ నిలబడి వండితే, ఈయన దుక్కంతో ముట్టలేదా? బొగ్గుతో చెక్క మీద దిద్దుకొన్నోడు గదే! బొగ్గుకి ఏటి విలువో తెలిసినోడు గదే!"

తార భయపడి మల్లిక ఒళ్ళో దూరింది.

"ఆ మనిషి పేరేటి?"

మల్లిక పేజీ కిందికీ మీదికీ చూసింది. వెనక పేజీ చూసింది. "లేదు మామ్మా. వంటగది మనిషి అని ఉంది."

"కొడుకు పేరు?"

"లేదు. గుర్రం పేరు ఉంది. కెప్టెన్."

ఆ పేజీ సూర్యావతి ఒక్క బిగిన రాసింది. పెన్సిలు ముల్లు రెండుసార్లు విరిగింది. ఇంతకుముందు రోజుకు పేజీ రాసే చెయ్యి ఆ రోజు ఎక్కడా ఆగలేదు.

సోమవారం పొద్దున్నే లతకు వెళ్ళింది. ధర్మరాజు గారు ఒక బర్మా ఆవిడకు చింతపండు తూస్తున్నారు. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, సూర్యావతి ఉన్నదున్నట్టు చెప్పింది. పటం ఎవరిదో మొదట చెప్పింది. ధర్మరాజు గారు స్టూలు మీద కూలబడ్డారు.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"మల్లికకి."

"మాస్టారుకి చెప్పావా?"

"ఇంకా లేదు బాబూ. అది కాదు నాను సెప్పడానికొచ్చింది." అప్పుడు పంతొమ్మిదో పేజీ సంగతి చెప్పింది. ఆయన దాన్ని వినీ విననట్టు విన్నారు.

"సరే, ఒక పని చెయ్యి. ఆ విధవరాలి కేసు దాకా చదువు. బాగుంటుంది, జనం చప్పట్లు కొడతారు. ఆ పేరు ఉన్నచోట మా ముత్తాత పేరు పెట్టు. వంతెన సంగతి రేవు సంగతిగా మార్చు. తరవాతది వొదిలెయ్యి."

"మీ ముత్తాతని మీరు ఎవర్ని సెప్పుకొన్నా నాకేటి బాబూ? నా బాద అది కాదు. ఆ బొమ్మ కింద మా తారని కూచోబెట్టను. అచ్చరం నేర్పిందని తల్లిని కొట్టించినోడి కాళ్ళకాడ పిల్లలకి అచ్చరం దిద్దిస్తామా? పటం దింపించండి."

"ఎప్పుడో రెండు వందల ఏళ్ళ నాటి మాట. ఎక్కడో అమెరికాలో. ఆ నల్లవాళ్ళు మనవాళ్ళా?"

"మరి ఆ తెల్లోడు మనోడా?"

ధర్మరాజు గారి మొహం ఎర్రబడింది. "చూడు సూర్యావతమ్మా. నాలుగు అక్షరాలు వచ్చేసరికి నీకు కొమ్ములొచ్చాయి. ఆ నాలుగూ ఎవరి హాల్లో నేర్చావు? పటం ఉంటుంది. సగం చదివితే చదువు, లేకపోతే మానుకో. ఎక్కువ మాట్లాడితే మీ తార లేదు, నీ ఆదివారం బడీ లేదు."

"ఎవరి హాల్లోనా? ఎనబై ఏళ్ళు మా ఆడోళ్ళు కడిగిన హాల్లో," అని వచ్చేసింది.

ఆ వారంలోనే మాస్టారుకు చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని, "నువ్వన్నది నిజమమ్మా. కానీ హాలు తాళం వాళ్ళ దగ్గరుంది. ఆదివారం బడి పోతే నీతో పాటు ఇరవై మందికి పోతుంది" అన్నారు.

మల్లిక కూడా బతిమాలింది. "ఒదిలీ మామ్మా. తారకి కొత్త గౌను కొన్నాం. వాళ్ళ నాన్న ఫోటోల కోసం ఎదురు సూస్తున్నాడు. సగం సదివితే ఏటి? అదీ నిజమే గదా?"

సూర్యావతి తార జడ అల్లుతోంది. "మీ పెద్ద తాత నా ఏలు నొక్కించిన రోజు కూడా సగమే సెప్పేడే," అంది. "ఆస్పత్రి కాగితం అన్నాడు. పైన ఆస్పత్రి కాగితం ఒకటి ఉండేది కూడాను. అదీ నిజమే. మిగతా సగం సెప్పలేదు. ఆ పని నాను సేస్తానా?"

మల్లిక లేచి నోటుబుక్కు తెచ్చి మామ్మ పక్కన పెట్టింది.

దసరానాడు హాలు నిండింది. పందొమ్మిది మంది పిల్లలు కొత్త బట్టలతో, బుగ్గలకు థనకా గంధంతో, ముందు చాప మీద కూచున్నారు. అందరికంటే ముందు తార. పటానికి బంతిపూల దండ. కరెంటు పోయి ఉంది, జనరేటరు మీద మైకు నడుస్తోంది. ఆమె వచ్చిందంటే దారికి వచ్చినట్టే అనుకొని ధర్మరాజు గారు మైకు అందిస్తూ, "కేసు దాకా," అని చెవిలో అన్నారు.

సూర్యావతి నోటుబుక్కు తెరిచింది. "ఈ పటంలో ఉన్న మనిషి పేరు సైలస్ వెదర్‌బీ. అమెరికా దేశపు లాయరు," అని చదివింది.

హాలంతా గుసగుసలు. వెనక నుంచి సూరి, "మరి తాతకి వీసా ఎవరిచ్చేరప్పా?" అన్నాడు. నవ్వులు లేచాయి. ధర్మరాజు గారు లేవబోయారు. పెద్దలు నవ్వుతూనే, "కూచో ధర్మరాజూ, చదవనీ, బాగుంది" అన్నారు. ఆయన కూచోక తప్పలేదు.

ఆమె చదివే తీరు మీకు తెలీదు, నాకు తెలుసు. మాటకు ముందు ఒకసారి ఆగుతుంది, ఒత్తు దగ్గర ఇంకోసారి ఆగుతుంది. అయినా ఎవరూ కదల్లేదు. బొగ్గు, చెక్క, చేత్తో పట్టుకొన్న చెప్పులు, నకళ్ళు, అన్నీ విన్నారు. విధవరాలి కేసు దగ్గర చప్పట్లు మోగాయి. ధర్మరాజు గారు అందరికంటే గట్టిగా కొట్టి లేచి నిలబడ్డారు.

"చాలమ్మా, చాలు. ఏ దేశం వాడైతేనేం, న్యాయం మాట్లాడినవాడు. అందుకే మన పెద్దలు నిలబెట్టారు. ముహూర్తం దాటిపోతోంది," అని మైకు తీసేసుకొన్నారు.

సూర్యావతి పేజీ తిప్పింది. మైకు లేకుండానే చదవడం మొదలుపెట్టింది. "అతను శాసనసభలో..." ధర్మరాజు గారు మైకులో "గోవిందా గోవిందా" అన్నారు. ఎవరూ అందుకోలేదు. "శాసనసభలో ఒక చట్టం రాశాడు. బానిసలకు..." తరవాతి మాట దగ్గర ఆమె నాలుక తడబడింది. ఆమె మళ్ళీ మొదటి నుంచి కూడబలుక్కొంది, మళ్ళీ ఆగింది. గోడ పక్కన నిలబడ్డ గోపీకృష్ణ మాస్టారు, ధర్మరాజు గారి వైపు చూడకుండా, "అక్షరజ్ఞానం," అని అందించారు.

"అక్షరజ్ఞానం ఇవ్వడం నేరం," అని చదివింది సూర్యావతి.

వంటగది మనిషి దగ్గరకు వచ్చింది. ముప్ఫై తొమ్మిది అని ఆమె అంకె వేసుకోలేదు, అక్షరాల్లో రాసుకొంది. అక్షరాల్లోనే చదివింది. భోజనం ముట్టలేదన్న వాక్యం చదివి, "ఇది రాసిన ఆవిడ ఆ వంటమనిషి పేరు రాయలేదు, గుర్రం పేరు రాసింది" అని తన సొంత మాటతో ముగించి నోటుబుక్కు మూసింది.

"పటం దింపండి," అంది.

ఒక్క మగవాడూ కదల్లేదు. సూరి నిచ్చెన వైపు చూసి మళ్ళీ నేల చూశాడు.

"ఈ పటం కదలదు," అన్నారు ధర్మరాజు గారు. "ఇష్టం లేనివాళ్ళు వెళ్ళొచ్చు."

సూర్యావతి తార చెయ్యి పట్టుకొంది. రెండో చేత్తో పసుపు బియ్యం పళ్ళెం ఎత్తుకొంది. గుమ్మం దాటి మేడమెట్ల మీదికి వచ్చింది. వెనక ఎవరొస్తున్నారో చూడలేదు. మొదట రేవు ఇళ్ళవాళ్ళు ముగ్గురు లేచారు. తరవాత ఇంకొకరు. ధర్మరాజు గారి కోడలు శ్రీదేవి కొడుకు చెయ్యి పట్టుకొని సగం లేచింది, మామగారి చూపు చూసి కూచుండిపోయింది. పందొమ్మిది మందిలో ఏడుగురు పిల్లలు బయటికి వచ్చారు. మెట్టుకొకరు కూచున్నారు. లోపల పన్నెండుగురు పటం కిందే ఉండిపోయారు. వాళ్ళ తల్లులు మా ఇరుగుపొరుగే. వాళ్ళ పేర్లు నాకు తెలుసు, రాయను.

మెట్ల మీద కొత్త గొడవ లేచింది. తార వేలు ఎవరు పట్టాలి?

"నువ్వు కాదే సూర్యావతీ," అంది మాతో వచ్చిన ముసలమ్మ ఒకతె. "బొట్టు లేని సెయ్యి. సుబమా అని పిల్ల మొదటి అచ్చరం. తల్లిని పట్టమను."

సూర్యావతి ఆ మాటకు ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. పళ్ళెం మల్లిక ముందు పెట్టింది. మల్లిక పసుపు బియ్యం వైపు చూసి, తలెత్తి, అందరికీ వినబడేలా చెప్పింది.

"నాకు రాదు మామ్మా. నీకే వొచ్చు."

ముసలమ్మ పక్కకు జరిగింది. సూర్యావతి తారను ఒళ్ళో కూచోబెట్టుకొని వేలు పట్టింది. బియ్యం మీద 'అ' వచ్చింది, కొంచెం వంకరగా. 'ఆ' వచ్చింది. మూడోది తార తనే గీస్తానని చెయ్యి లాక్కొంది. మిగతా ఆరుగురి వేళ్ళు పట్టడానికి గోపీకృష్ణ మాస్టారు ఎప్పుడు బయటికి వచ్చారో ఎవరూ చూడలేదు. పంచె మెట్ల మీద మాసిపోతున్నా వంగి కూచుని రాయిస్తున్నారు.

తరవాతి ఆదివారం హాలు తలుపు మీద కాగితం అంటించి ఉంది. సూర్యావతి, ఇంకా ఐదుగురం బయటే నిలబడ్డాం. సూరి తాళం చేతిలో పట్టుకొని, "నాను అంటించలేదప్పా, అంటించమన్నారు," అన్నాడు. ఎవరినీ చదివిపెట్టమని ఆమె అడగలేదు. దగ్గరగా నిలబడి తనే చదివింది. 'సూర్యావతి అనే ఆమెకు ఈ హాలులో ప్రవేశం లేదు. సంఘం ఉత్తర్వు.' రెండోసారి కూడా చదివింది. సంచిలోంచి పెన్సిలు తీసి, కాగితం తలుపుకు ఆనించి పట్టుకొని, ఆ ఉత్తర్వు కిందే నెమ్మదిగా రాసింది:

'చదివాను. పటం దింపేదాకా మా బడి మెట్ల మీద జరుగుతుంది. రేవు ఆడవాళ్ళు ఈ హాలు ఇక కడగరు. సూర్యావతి.'

మేము మెట్ల మీద కూచుని ఆ రోజు పాఠం మొదలుపెట్టాం.

ఇట్లు,
కోరాడ సుధామణి, వయసు అరవై తొమ్మిది. పుట్టింది తన్లిన్, ఇప్పుడు ఉంటున్నది లైంగ్‌థార్యార్‌లో చిన్నకొడుకు గదిలో.